పొట్టలో కత్తిపోటు: వెంటనే తెరవాలా, ఆగి చూడాలా?

సర్జరీ పీజీ:
కత్తిపోటుతో వచ్చిన పేషెంటుకు బీపీ, పల్స్ బాగున్నాయి, పొట్ట మెత్తగా ఉంది. కానీ గాయం పెరిటోనియం (పొట్ట లోపలి పొర) దాటింది. మా యూనిట్లో ఒక సార్ తెరవాల్సిందే అంటారు, ఇంకొకరు అబ్జర్వేషన్ చాలంటారు. మీరైతే ఏం చేస్తారు?

టీచింగ్ హాస్పిటల్ సర్జన్:
షాక్‌లో (బీపీ పడిపోయి) ఉన్నా, పొట్ట చెక్కలా బిగుసుకున్నా, పేగు బయటికొచ్చినా చర్చే లేదు, నేరుగా థియేటర్‌కే. మీ పేషెంటుకు ఇవేవీ లేవు కాబట్టి ఆగండి. లోపలికి దిగిన ప్రతి పోటూ పేగును కోయదు. అందరినీ తెరవక్కర్లేదని బ్రూక్లిన్‌లో సర్జన్ షాఫ్టన్ 1960లోనే రాశారు. 1987లో జొహానెస్‌బర్గ్ నుంచి డెమెట్రియాడిస్, రాబినోవిట్జ్ అనే డాక్టర్లు 651 మంది కత్తిపోటు పేషెంట్ల వివరాలు ప్రచురించారు. దాదాపు సగం మందిని ముందు ఆపరేషన్ లేకుండానే చూశారు, వాళ్లలో కొద్దిమందికే తర్వాత అవసరమైంది. లోపల ఏమీ లేకుండా తెరిస్తే చీము, హెర్నియా, ఏళ్ల తర్వాత అతుకులతో పేగు మూసుకుపోవడం మిగులుతాయి.

జిల్లా ఆసుపత్రి సర్జన్:
ఒప్పుకుంటాను సార్. కానీ రాత్రంతా ఎవరు చూస్తారు? మా దగ్గర క్యాజువాలిటీకి, వార్డుకి డ్యూటీ డాక్టర్ ఒక్కరే. కేస్ షీట్‌లో ‘అబ్జర్వేషన్’ అని రాసి, పొద్దున రౌండ్స్‌లో పల్స్ 120 చూస్తే అప్పటికి చాలా ఆలస్యం. పైగా ఎమ్మెల్సీ (మెడికో-లీగల్, అంటే పోలీసులకు చెప్పాల్సిన) కేసు. పేషెంట్ తాగి ఉన్నా, తలకు దెబ్బ ఉన్నా పొట్ట నొక్కితే వచ్చే జవాబును నమ్మలేం. అలాంటివాళ్ల విషయంలో నేను ఆగి చూడను, తెరుస్తాను. ఫాస్ట్ స్కాన్‌లో (పొట్టలో రక్తం, నీళ్లు చేరాయా అని చూసే అల్ట్రాసౌండ్) నీళ్లు లేవంటే పేగు బాగున్నట్టు కాదు, దాన్ని చూసి ధైర్యపడొద్దు.

టీచింగ్ హాస్పిటల్ సర్జన్:
మీరన్నదే అసలు విషయం. ఆగడమంటే వదిలేయడం కాదు. కుదిరితే ఒకే డాక్టర్ కొన్ని గంటలకోసారి, కనీసం 24 గంటలు, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి. పల్స్, జ్వరం, తెల్లకణాలు రాసుకోవాలి. నొప్పి గాయం దగ్గర నుంచి పక్కలకు పాకితే ఇంకో స్కాన్ కోసం ఆగకుండా తెరవాలి. ఇది కుదరని చోట, పేషెంట్ స్టేబుల్‌గా ఉన్నప్పుడే, సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి ఫోన్ చేసి 108లో పంపడం మేలు. రాత్రి రెండింటికి బీపీ పడిపోయాక కాదు.

సర్జరీ పీజీ:
గాయం ఎడమవైపు కింది పక్కటెముకల దగ్గరుంది సార్.

టీచింగ్ హాస్పిటల్ సర్జన్:
ముందే చెప్పాల్సింది! అక్కడైతే డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య కండర పొర) చిరిగి ఉండొచ్చు, సీటీలో కూడా తప్పిపోవచ్చు. ఆ రంధ్రం గుండా నెలల తర్వాత పేగు ఛాతీలోకి ఎక్కుతుంది. పొట్ట మెత్తగానే ఉన్నా, డిశ్చార్జ్ చేసేలోపు లాపరోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరా) పెట్టి చూడండి.