అంబాసిడర్ వేడెక్కితే ఆగిపోతోంది: కాయిల్ సంగతి మీటర్‌తో తేలుతుందా?

నల్లఅంబీ: పెట్రోల్ అంబాసిడర్, పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటు కోస్తాయి, డిస్ట్రిబ్యూటర్ ప్లగ్గులకి స్పార్క్ పంచుతుంది). అరగంట తిరిగాక ఆగిపోతుంది, చల్లారితే స్టార్టవుతుంది. కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కి సరిపడా పెంచేది) లోపలి రెండు చుట్టల్లో ప్రైమరీ 3.1 ఓమ్‌లు, సెకండరీ 8,400. మెకానిక్ కాయిల్ మార్చమంటున్నాడు.

పాతగ్యారేజీ: మీటర్ పక్కన పెట్టండి. బండి ఆగిన వెంటనే డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోంచి హెచ్‌టీ వైరు (కాయిల్ నుంచి వచ్చే లావు హైటెన్షన్ వైరు) పీకి, రబ్బరు పిడి ప్లయర్‌తో బ్లాక్‌కి 6 మి.మీ. దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. కార్బురేటర్‌కి దూరంగా. నీలంగా టప్‌మని దూకితే కాయిల్ బాగున్నట్టు. పసుపుగా సన్నగా వస్తే పోయినట్టే.

ఓమ్‌శర్మ: "పోయినట్టే" ఎలా అంటారండీ? కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపు రాకుండా ఆపే చిన్న భాగం) పోయినా అదే పసుపు స్పార్క్. మూత తీసి చూడండి, పాయింట్లు విడిపోయేటప్పుడు మధ్యలో పెద్ద మెరుపు వస్తోందంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌నే. మీటర్‌లో 0.2 మైక్రోఫారడ్ దగ్గర చూపాలి, అదీ వేడి మీద.

డీజిల్‌బాబు: పెట్రోల్ వేపర్ లాక్ (వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై అడ్డుపడటం) చూశారా?

పాతగ్యారేజీ: స్పార్క్ నీలంగా ఉంటే అప్పుడు చూద్దాం. శర్మగారూ, మీ మీటర్లో ఉన్నది 9 వోల్టుల బ్యాటరీ. కాయిల్లో పుట్టేవి వేల వోల్టులు. వేడికి లోపల ఇన్సులేషన్ లీకైతే ఆ 8,400 ఏం చెబుతుంది?

ఓమ్‌శర్మ: ఏమీ చెప్పదు, ఒప్పుకుంటా. కాయిల్ బాగుందని నేను అనలేదే! ఇగ్నిషన్ ఆన్ చేసి, పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్నవైరు టెర్మినల్ నుంచి బాడీకి వోల్టేజీ చూడండి. 0.2 దాటితే పాయింట్లు మాడాయి, లేదా బేస్‌ప్లేట్ (పాయింట్లు బిగించిన పలక) ఎర్త్ వైరు తెగుతోంది. చూడకుండానే కాయిల్ అమ్మేస్తే ఎలా?

పాతగ్యారేజీ: అమ్మడం ఏంటండీ? నడిరోడ్డు మీద ఆగిన బండికి గంటసేపు కొలతలు తీస్తే కూలీ ఎవరిస్తారు? మంచిదని తెలిసిన కాయిల్ పెట్టి చూడటమే దగ్గరి దారి.

ఓమ్‌శర్మ: అసలు గొడవ అక్కడే ఉంది. మీరు మార్చి చూస్తారు, నేను చూసి మారుస్తాను. ఇప్పుడొచ్చే కొత్త కండెన్సర్లు కొన్ని పెట్టెలోంచి తీసేసరికే పోయి ఉంటున్నాయి. పనిచేసే పాతది పారేస్తే మళ్లీ దొరకదు.

నల్లఅంబీ: కొలిచాను, 1.4 వోల్టులు! స్క్రూడ్రైవర్‌తో బేస్‌ప్లేట్ కదిలిస్తే 0.1కి పడుతోంది. చిన్న అల్లిక వైరు రెండు పోగుల మీద ఉంది.

ఓమ్‌శర్మ: ఇంజన్ పీల్పుకి వాక్యూమ్ లాగినప్పుడల్లా ప్లేటు తిరుగుతుంది, అందుకే తెగుతుంది. మెత్తటి వైరే వేయండి, గట్టిది వేస్తే ప్లేటు బిగుసుకుంటుంది.

పాతగ్యారేజీ: వేయండి, పాయింట్ల గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టండి. కానీ చల్లారితే స్టార్టవడానికి ఆ వైరొక్కటే కారణమంటే నమ్మను. అరగంట తిప్పి, వేడి మీద స్పార్క్ చూసి చెప్పండి.