కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి సైకిల్ కథ కాకుండా ఇంకేమైనా చెప్తారా?

ప్రశ్న వేసినవారు: బాగ్‌లింగంపల్లి_కొత్తవాడు

ఈమధ్యే బాగ్‌లింగంపల్లిలో రూమ్ తీసుకున్నాను. రోజూ సుందరయ్య పార్కులో నడక, విజ్ఞాన కేంద్రంలో ఏదైనా మీటింగ్ ఉంటే బయట టీ తాగుతూ మైకులో రెండు మాటలు వినడం, నాకు తెలిసిన సుందరయ్య అంతే. ఇంటికి ఫోన్ చేసి అడిగితే నాన్న, "పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళేవాడ్రా, పిల్లలు పుడితే పార్టీ పనికి అడ్డమని ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆస్తంతా పంచేశాడు" అన్నారు. నెట్‌లో చూసినా ఈ మూడే తిరుగుతున్నాయి. ప్రతి మే 19కి, అంటే ఆయన వర్ధంతికి, అవే పోస్టులు, అదే ఫోటో. మంచి మనిషని అర్థమైంది, కానీ రాజకీయంగా ఏం చేశారు, ఏం మిగిలింది? పార్టీ వాళ్ళూ, పార్టీ అంటే పడనివాళ్ళూ ఇద్దరూ చెప్పండి. గొడవ మాత్రం వద్దు ప్లీజ్.

నెల్లూరోడు:

మాది విడవలూరు పక్కనే, కాబట్టి నేనే మొదలెడతా. పుట్టింది అలగానిపాడులో, 1913 మే 1న. అసలు పేరు సుందరరామిరెడ్డి, ఆ చివరి తోక ఆయనే తీసేశారు. మా జిల్లాలో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు, ఇప్పుడూ కాదనుకోండి. మద్రాసు లయోలాలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దూకి జైలుకెళ్ళారు, తర్వాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. నాకు నచ్చేది ఆ తర్వాతి సంగతి. ఏ బొంబాయికో పోయి ఉపన్యాసాలు ఇవ్వకుండా సొంత ఊరికొచ్చి వ్యవసాయ కూలీలతో సంఘం పెట్టారు, అంటే తన సొంత జనం పొలాల్లో పనిచేసేవాళ్ళతోనే! ఊరవతల ఎవరినో తిట్టడం తేలిక. ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళకి ఎదురు నిలబడటం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంకోటి, మా వైపు అన్నతో సమానంగా తమ్ముడినీ తలుచుకుంటారు. డాక్టర్ రామచంద్రారెడ్డి గారు, నెల్లూరు ప్రజావైద్యశాల. మా అమ్మమ్మకి సుందరయ్య అంటే "రామచంద్రారెడ్డి డాక్టరు గారి అన్న", అంతే :)

సూర్యాపేట_మనిషి:

నేను కొంచెం తేడాగా చెప్తా, ఏమనుకోవద్దు. ఆయన మంచితనం మీద పేచీ లేదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో ఆయన రాసిన పుస్తకం మా ఇంట్లో ఉండేది, అట్ట ఊడిపోయి దారంతో కుట్టిన కాపీ. 3000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, 4000 మంది ప్రాణాలు అని అందరూ చెప్పే లెక్కలు అందులోవే. మా తాత దళానికి అన్నం మోసినవాడు. ఆ పుస్తకంలో మా పక్క ఊరి పేరు వచ్చిన చోట పెన్సిల్‌తో గీత గీసి, మార్జిన్‌లో ఇద్దరి పేర్లు రాసుకున్నాడు. పుస్తకంలో ఆ పేర్లు లేవు. నేను అడిగితే "ఆయన ఎంతమందినని రాస్తడు, వీళ్ళను నేను రాసిన" అన్నాడు.

నా పేచీ 1948 సెప్టెంబర్ తర్వాతది. నిజాం లొంగిపోయాక కూడా తుపాకీ దించకుండా 1951 అక్టోబర్ దాకా ఎందుకు లాగారు? ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి లాంటి వాళ్ళే వద్దన్నారు. సుందరయ్య మాత్రం పుస్తకంలో కొనసాగించడమే కరెక్ట్ అని వాదించారు. పంచిన భూమిని సైన్యం అండతో దొరలు మళ్ళీ గుంజుకుంటుంటే చేతులు కట్టుకుని కూర్చోలేం కదా అనేది ఆయన వైపు మాట, దాన్ని కొట్టిపారేయలేను. కానీ ఆ మూడేళ్ళలో క్యాంపుల్లో, అడవుల్లో పోయినవాళ్ళు మా ఊళ్ళవాళ్ళు. ఇక 1946లోనే 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' (విశాలాంధ్ర అంటే తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం) అని రాసిన మనిషి. విశాలాంధ్ర వచ్చింది, ప్రజారాజ్యం రాలేదు, 2014లో ఆ విశాలాంధ్ర కూడా పోయింది. మా దగ్గర ఈ మాట ఇంకా గుచ్చుకుంటుంది.

పాతకాగితాలు:

ఇద్దరూ బాగా రాశారు. అసలు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది, రాజీనామా.

ముందు కొంచెం వెనక్కి. 1930ల మధ్యలో ఈయన్ని కేరళ, తమిళనాడు వైపు పార్టీ కట్టడానికి పంపారు, కృష్ణపిళ్ళై, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ లాంటి కేరళ నాయకులు పార్టీలోకి వచ్చింది ఆ పరిచయాలతోనే. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిక తర్వాత సీపీఎంకి మొదటి ప్రధాన కార్యదర్శి ఈయనే. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1968 బర్ద్వాన్ ప్లీనం (పార్టీ ప్రత్యేక సమావేశం) తర్వాత, తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డిలతో ఆంధ్ర పార్టీలో ఎక్కువమంది వెళ్ళిపోయారు. దేశం మొత్తం పార్టీకి నాయకుడు, సొంత రాష్ట్రంలో ఇల్లు సగం ఖాళీ. ఇది ఏ జయంతి సభలోనూ వినపడదు.

ఇక 1975. ఎమర్జెన్సీ మీద పోరాటంలో జనసంఘ్‌తో, దాని వెనకున్న ఆర్ఎస్ఎస్‌తో కలిసి నడవడానికి పార్టీ సిద్ధపడితే కుదరదని రాజీనామా లేఖ రాశారు. అదొక్కటే కాదు, చాలా కారణాలు వరసగా పెట్టారు. పదవి మీద ఉండి తిట్టుకుంటూ కూర్చోలేదు, బయటికెళ్ళి ఇంకో పార్టీ పెట్టుకోలేదు. 1978 జలంధర్ మహాసభల నాటికి ఆ కుర్చీలో ఇ.ఎం.ఎస్., అంటే ఒకప్పుడు తాను పార్టీలోకి తెచ్చిన మనిషే! ఈయన అదే ఏడాది గన్నవరం నుంచి ఎమ్మెల్యేగా గెలిచి అసెంబ్లీలో కూర్చున్నారు. జాతీయ నాయకుడిగా ఉన్నవాడు ఒక మెట్టు దిగి కాలవలు, నీళ్ళు, రైతుల లెక్కలు పట్టుకోవడం ఇప్పటి నాయకుల్లో ఒక్కరిని చూపించండి. సైకిల్ కంటే నాకు ఇదే పెద్దగా కనిపిస్తుంది. పిల్లలు వద్దనుకున్న సంగతి కూడా ఆయన ఒక్కడి త్యాగంలా చెప్తారు, 1943లో బొంబాయిలో ఆయన్ని చేసుకున్న లీల గారి పేరు సగం పోస్టుల్లో ఉండదు.

బాగ్‌లింగంపల్లి_కొత్తవాడు:

రాజీనామా సంగతి అస్సలు తెలీదు అన్నా. అయితే 1955 అసెంబ్లీ ఎన్నికల్లో కూడా గన్నవరమేనా?

పాతకాగితాలు:

అవును. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులు 15 సీట్లకే పరిమితమయ్యారు, ఈయన మాత్రం గెలిచారు. 1967 దాకా అసెంబ్లీలోనే ఉన్నారు. ఆయన ఆత్మకథ 'విప్లవ పథంలో నా పయనం' ముందు చదవండి, భాష చప్పగా ఉంటుంది కానీ గొప్పలు ఉండవు.

నెల్లూరోడు:

మీరుండేది దాని పక్కనే కదా, విజ్ఞాన కేంద్రం అంటే మీటింగ్ హాలు ఒక్కటే కాదు, గ్రంథాలయం కూడా. పాత ఉర్దూ పుస్తకాలు, పత్రికల పెద్ద సేకరణ అక్కడికి చేరింది, 2000 ఆగస్టు వరదల్లో నీళ్ళొచ్చి చాలా తడిసిపోయాయి. ఇప్పుడు ఏది ఎక్కడుందో కౌంటర్లో అడిగి వెళ్ళండి.

బాగ్‌లింగంపల్లి_కొత్తవాడు:

శనివారం వెళ్తా. @సూర్యాపేట_మనిషి అన్నా, మీ తాత పెన్సిల్‌తో రాసిన పేజీ ఫోటో పెట్టగలరా?

సూర్యాపేట_మనిషి:

పుస్తకం ఇప్పుడు మా బాబాయి దగ్గర ఉంది. దసరాకి ఊరికి పోయినప్పుడు ఫోటో తీస్తా. ఇంటికి తెచ్చుకుంటానంటే మాత్రం ఇవ్వడు, రెండుసార్లు అడిగిన.