పిల్లలతో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు సైకిలు ప్రయాణం: సబబేనా?

దారితోడు: ఒక తీరం నుంచి మరో తీరం దాకా మూడు నెలలు సైకిళ్లపై వెళ్లాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాం. పదకొండేళ్ల అమ్మాయి తన సైకిలు తానే తొక్కుతుంది, ఏడేళ్ల అబ్బాయి టాండెమ్‌పై, అంటే ఇద్దరు ముందూ వెనుకా కూర్చుని తొక్కే సైకిలుపై, నా వెనుక కూర్చుంటాడు. రోజుకు 50 కిలోమీటర్లు మించకూడదని నియమం పెట్టుకున్నాం. పిల్లలిద్దరూ సరేనన్నారు. బంధువులు మాత్రం ఇది పిల్లలను బాధపెట్టడమేనంటున్నారు. మీ అభిప్రాయం చెప్పండి.

ఎదురుగాలి: ఆ 50 దగ్గరే నాకు అభ్యంతరం. అమెరికాలో 1976లో మొదలైన ట్రాన్స్‌అమెరికా సైకిలు మార్గం అస్టోరియా నుంచి యార్క్‌టౌన్ దాకా సుమారు 6,800 కిలోమీటర్లు సాగుతూ, కొలరాడోలో 3,500 మీటర్లకు పైబడిన హూసియర్ కనుమను దాటుతుంది. అక్కడి 50 కిలోమీటర్లూ, ఐరోపాలో డాన్యూబ్ నది ఒడ్డున పాసౌ నుంచి వియన్నాకు వెళ్లే చదును బాటలోని 50 కిలోమీటర్లూ ఒకటెలా అవుతాయి? దూరం కాదు, జీను మీద గడిపే గంటలు లెక్కపెట్టండి.

చైన్‌రింగ్: వెనుక కూర్చునే పిల్లవాడికి శ్రమేముంటుంది, తొక్కేది తండ్రే కదా.

ఎదురుగాలి: కాదండీ. మామూలు టాండెమ్‌లో ముందు, వెనుక క్రాంకులను (పెడళ్లు బిగించే కడ్డీలను) ఒకే గొలుసు కలుపుతుంది కాబట్టి, తండ్రి పాదం తిరిగినంతసేపూ పిల్లవాడి పాదమూ తిరగాల్సిందే. ఏడేళ్ల కాలికి పొట్టి క్రాంకులు బిగించకపోతే ప్రతి చుట్టులోనూ మోకాలు ఛాతీ దాకా లేస్తుంది. పైగా మధ్యాహ్నం వాడికి కునుకు పడితే పట్టుకునేవారుండరు.

చినుకు: హెల్మెట్లు, వెనుక ఎర్రదీపం మరవకండి.

వెనుకసీటు: క్రాంకుల సంగతి తర్వాత, ముందు ఆ "సరే" సంగతి చూడండి. మా నాన్న సెలవులన్నిటా మమ్మల్ని ఇలాగే తిప్పారు. రాత్రి నలుగురి ముందు "బాగుంది కదూ" అని అడిగితే, ఔననే అనేదాన్ని. కాదంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు.

చైన్‌రింగ్: మీ నాన్నగారి మీది కోపం ఈ కుటుంబం మీద చూపకండి. మా వాడు బడి మెట్ల మీద పడి పన్ను విరగ్గొట్టుకుంటే నన్నెవరూ ఏమీ అనలేదు. సైకిలు యాత్రలో మోకాలు దోక్కుపోయినందుకు మాత్రం డాక్టరు నుంచి చుట్టాల దాకా అందరూ దోషిలా చూశారు. పిల్లల్ని ఇంట్లో కదలనివ్వకుండా పెంచేవారిని అడిగేవారే లేరు!

వెనుకసీటు: పిల్లలు కదలకూడదని నేనన్నానా? "ఆ తీరం దాకా" అన్న మాటే నాకు భయం కలిగిస్తోంది. సగం దారిలో అమ్మాయి ఇక చాలంటే, దారితోడుగారూ, మీరు రైలెక్కుతారా, లేదా? దీనికి జవాబిస్తే నేనిక మాట్లాడను.

దారితోడు: నా భార్య ఎక్కుతానంటోంది. నాకు మాత్రం ఏళ్ల తరబడి కన్న కలను మధ్యలో వదలడం చేతనవుతుందో లేదో తెలియదు. మా ఇద్దరి మధ్య తేలనిది ఇదే. బంధువుల మాట నిజానికి చిన్నది.

వెనుకసీటు: అయితే ఆ జవాబు బయలుదేరకముందే అమ్మాయికి చెప్పండి. మీరు పక్కన లేకుండా, వాళ్లమ్మ ఒక్కతే అడగాలి.

చైన్‌రింగ్: నేను ఒప్పుకోను. జీను ఒరుసుకుని మూడో రోజుకే ఏ పిల్లవాడైనా చాలంటాడు. ఆ మాటకల్లా ఆగితే ఏ ప్రయాణమూ సాగదు. వారం గడిచాక కూడా అదే మాటంటే అప్పుడు ఆలోచించాలి.

ఎదురుగాలి: ఆగాలన్నా దారుండాలి కదా. పొడుగాటి టాండెమ్‌ను చాలా రైళ్లలో ఎక్కనివ్వరు. చట్రాన్ని మధ్యలో విడదీసే కప్లింగులున్న టాండెమ్ కొనండి. లేకపోతే, మీరు ఒప్పుకున్నా రైలు ఒప్పుకోదు.

దారితోడు: కప్లింగులున్నదే చూస్తాను. అమ్మాయితో ఈ ఆదివారం నా భార్య ఒంటరిగా మాట్లాడుతుంది.