కాగితం లేని అసెంబ్లీ (యంత్ర భాగాల కూర్పు): టాబ్లెట్‌లో డ్రాయింగు ఉంటే చాలునా?

ప్రశ్న: నూనె మరకలు పడిన పాత డ్రాయింగును నమ్మి, దాని కొత్త సవరణలో మారిన షిమ్ము (భాగాల మధ్య ఖాళీని సరిచేసే పలుచని రేకు) మందాన్ని గమనించక, మేము ఒక గేర్‌బాక్సును పూర్తిగా విప్పవలసి వచ్చింది. డ్రాయింగులను పీడీఎఫ్‌లుగా టాబ్లెట్‌లో పెడితే ఈ ఇబ్బంది తీరుతుందా?

మొదటి జవాబు: తీరదండీ. ఎవరైనా దించుకొని దాచుకుంటే పాత ప్రతి మళ్లీ వాడుకలోకి వస్తుంది. సీరియల్ నంబరును స్కాన్ చేయగానే ఆ యూనిట్‌కు వర్తించే సవరణ మాత్రమే తెరమీదికి రావాలి.

రెండవ జవాబు: టార్కు రెంచిని (బోల్టును తిప్పే బలాన్ని, అంటే టార్కును, కొలిచే పానాను) కూడా టాబ్లెట్‌కు అనుసంధానించండి. ఎం12 (12 మి.మీ. వ్యాసపు) బోల్టు బిగించగానే టార్కు విలువ దానంతటదే నమోదు కావాలి, అది పరిమితిలో లేకపోతే తర్వాతి దశ తెరుచుకోకూడదు. అయితే బోల్టు మరలకు నూనె రాస్తే ఘర్షణ తగ్గి, అదే టార్కుకు బోల్టులో బిగువు పెరుగుతుంది కనుక, మరలు పొడిగా ఉండాలా వద్దా అన్నది ఆ దశలోనే స్పష్టంగా చూపాలి. చాలామంది మరచిపోయేది ఇదే.

మూడవ జవాబు: నెట్‌వర్కు ఆగినా పని సాగేలా, ఆ షిఫ్టు సూచనలను టాబ్లెట్‌లోనే ముందుగా నిల్వ ఉంచండి.