లోకల్ టీవీ పాత హాలీవుడ్ సినిమాల్ని బతికించిందా, కోసి పారేసిందా?

రీలుపెట్టె: 1955 డిసెంబర్లో ఆర్‌కేఓ స్టూడియో సినిమాలు, 1956లో వార్నర్, ఎంజీఎంవి, 1958లో పారామౌంట్‌వి. ఇలా వరసగా పాత సినిమాలకు అమెరికా లోకల్ టీవీ స్టేషన్లకు దారి దొరికింది. మేలా, కీడా? నా ఓటు మేలుకే.

స్ప్లైసర్: మేలెక్కడ సార్? 90 నిమిషాల స్లాట్లో ప్రకటనలకు పావుగంట పోతే మిగిలేది గంటంపావు. వంద నిమిషాల సినిమా అందులో పట్టాలంటే కత్తెరే గతి. స్టేషన్లో బొమ్మ చూసి కోస్తారు. కానీ 16 ఎం.ఎం. ప్రింట్లో శబ్దం బొమ్మకంటే 26 ఫ్రేములు, అంటే సెకను పైచిలుకు, ముందు ఉంటుంది. అంచేత తీసేసిన సీనులోని మొదటి సెకను మాట వచ్చి తర్వాతి సీను మీద పడుతుంది, ఆ సీను మొదటి మాట గల్లంతవుతుంది. పైగా అతుకు దగ్గర ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) పూర్తిగా గీకకపోతే ఫిల్మ్ సిమెంటు, అంటే అతికే జిగురు, పట్టదు, ప్రొజెక్టర్ గేటులో ఊడుతుంది. మళ్ళీ అతికినప్పుడల్లా ఇంకో ఫ్రేమో రెండో పోతాయి.

రీలుపెట్టె: న్యూయార్క్ డబ్ల్యూఓఆర్ టీవీ స్టేషన్ 'మిలియన్ డాలర్ మూవీ' కార్యక్రమంలో ఒకే సినిమాను వారమంతా వేసేవారు. 1956లో 'కింగ్ కాంగ్' అలాగే వేశారు. థియేటర్లో అన్నిసార్లు ఎవరు చూడగలరు?

స్ప్లైసర్: ఆ కాంగ్ జనాన్ని తొక్కే, నమిలే షాట్లు ఏవి మరి?

నైట్రేటు: అవి టీవీవాళ్ళు తీసినవి కావండి. 1938 రీరిలీజుకు ప్రొడక్షన్ కోడ్ (హాలీవుడ్ సెన్సారు నియమాలు) పేరు చెప్పి థియేటర్ల కోసమే తీసేశారు.

స్ప్లైసర్: నేను కాంగ్ ఒక్కదాని గురించి అనలేదు.

తెరచాటు: మీరే కదా అడిగింది 😀

నైట్రేటు: అతుకులకంటే పెద్ద నష్టం ప్రింటులోనే ఉంది. పాత 35 ఎం.ఎం. ప్రింట్లు నైట్రేటు ఫిల్మువి, నిప్పంటుకుంటే ఆగదు. 16 ఎం.ఎం. మొదట్నుంచీ అలా భగ్గుమనని సేఫ్టీ ఫిల్మే. పైగా నిమిషానికి 36 అడుగులు చాలు, 35కైతే 90 కావాలి. అందుకే స్టేషన్లు 16కే మొగ్గాయి. ప్రొజెక్టర్‌కు ఎదురుగా కెమెరా బిగించిన ఫిల్మ్ చైన్‌లో థియేటర్ ప్రింటు వేస్తే నీడలన్నీ నల్లముద్ద, తెలుపు పొంగిపోతుంది. కాంట్రాస్ట్ తగ్గించి టీవీ ప్రింట్లు విడిగా తీసింది ఇందుకే. వాటినే తెచ్చి ఇప్పుడు తెర మీద వేసి "సినిమాయే పాలిపోయింది" అంటే ఎలా?

స్ప్లైసర్: అంటే పాడుచేసిన కాపీయే కదా మిగిలింది! పోయిన చర్చలో కూడా ఇంతే, నేను ఫ్రేముల లెక్క రాస్తే రీలుపెట్టె గారు "చాదస్తం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

రీలుపెట్టె: ఇప్పుడూ అదే అంటాను. సి అండ్ సి సంస్థ 740 ఆర్‌కేఓ సినిమాలు తీసుకుని స్టేషన్లకు ఎలా ఇచ్చిందో తెలుసా? ఇంటర్నేషనల్ లేటెక్స్ కంపెనీ ప్రకటనలకు టైమిస్తే చాలు, సినిమాలు వేసుకునే హక్కు శాశ్వతం. సినిమా మొదట్లో వచ్చే ఆర్‌కేఓ టవర్ గుర్తు తీసి తమ పేరు అతికించారు, నిజమే. అయినా ఊరూరా కాపీలు మిగిలాయి. మన 1930ల టాకీల్లో ఎన్నింటికి ఆ మాత్రం దిక్కుంది? మీకు అతుకులు తప్ప ఏమీ కనబడవు.

స్ప్లైసర్: మీకు లెక్క తప్ప మనిషి కనబడడు.

పాతబాకీ: ఇద్దరూ ఆగండి. స్టేషన్లకు చేరినవన్నీ ఇంచుమించు 1948కి ముందువే ఎందుకు? ఆ ఏడాది ఆగస్టు 1 తర్వాతివి టీవీకి ఇవ్వాలంటే ముందు నటుల వాటా తేల్చాలని నటుల సంఘం (గిల్డు) పట్టుబట్టింది. పాతవాటికి ఆ బాధ లేదు, అందుకే వాటిని అమ్మేశారు. 1960 నటుల సమ్మె తర్వాత 1948-59 సినిమాలకు బదులుగా పెన్షన్, ఆరోగ్య నిధికి 22.5 లక్షల డాలర్లు కట్టారు. అంతకుముందువాటికి సున్నా.

స్ప్లైసర్: నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే!

రీలుపెట్టె: ఎక్కడ మొత్తుకున్నారు? 26 ఫ్రేములే కదా రాశారు! డబ్బు ఎగ్గొట్టింది స్టూడియోలు, లోకల్ స్టేషన్ కాదు. సరే, నటులకు వాటా ఇచ్చారే అనుకోండి, అప్పుడు మీకు ఆ కత్తెర సమ్మతమేనా?

స్ప్లైసర్: కాదు. తీసినవాణ్ణి అడిగి కోయాలి.

రీలుపెట్టె: 1930ల్లో స్టూడియోలే చాలాసార్లు దర్శకుణ్ణి అడక్కుండా కోసేవి.

స్ప్లైసర్: వాళ్ళు అడగలేదని వీళ్ళకూ మాఫీయా?

నైట్రేటు: మాఫీ సంగతి తర్వాత. కోసిన ముక్కలు స్టేషన్లో దాచారా, చెత్తబుట్టలో వేశారా? దాచినచోట ప్రింటును తిరిగి అతకొచ్చు. నాకు కావలసింది అదొక్కటే.