మూడు మానిటర్ల డెస్క్‌టాప్: పగలు ఆఫీసు, రాత్రి పెళ్లి వీడియోలు. ఈ లిస్టు చూసి చెప్పండి

కాకినాడ కాజా:

నమస్తే అండి. పగలు ఇంటి నుంచే ఒక కంపెనీకి అకౌంట్స్ చూస్తాను, రాత్రిళ్లు మా బావమరిది స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తాను. ఇన్నాళ్లూ ఎనిమిదేళ్ల నాటి లాప్‌టాప్‌తోనే నెట్టుకొచ్చాను. పోయిన మాఘమాసంలో అది చేతులెత్తేసింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ప్లే కొడితే తాళి కట్టే చోట బొమ్మ బిగుసుకుపోతుంది, భజంత్రీలు మాత్రం మోగుతూనే ఉంటాయి. ఇక లాభం లేదని డెస్క్‌టాప్ కట్టిద్దామనుకుంటున్నాను.

కావాల్సింది మూడు మానిటర్లు. ఒకదాంట్లో టైమ్‌లైన్, ఒకదాంట్లో వీడియో, మూడోది పగలు ఎక్సెల్ షీట్లకి. పాత 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఒకటి ఉంది, ఇంకో రెండు కొనాలి. మానిటర్లు కాకుండా లక్షా పాతిక వేల వరకు పెట్టగలను, అంతకు మించితే ఇంట్లో ఒప్పుకోరు.

సికింద్రాబాద్ వెళ్లినప్పుడు ఒక షాపులో రాయించుకొచ్చిన లిస్టు: ఇంటెల్ ఐ5-14400ఎఫ్ ప్రాసెసర్, బి760 మదర్‌బోర్డు, డీడీఆర్5 ర్యామ్ 8 జీబీవి నాలుగు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ, 450 వాట్ల ఎస్ఎమ్‌పీఎస్ (కరెంటు సప్లై బాక్స్, కంపెనీ పేరు రాయలేదు), ముందంతా అద్దం ఉండి లైట్లు వెలిగే క్యాబినెట్. ఆ షాపాయనే మళ్లీ "మూడు మానిటర్లంటే ఈ కార్డు లాగదు సార్, 4070 వేసుకోండి" అంటున్నాడు. అది వేస్తే ర్యామ్‌లో కోత పెట్టాలి. నిజంగానే మానిటర్లు పెరిగేకొద్దీ కార్డు పెద్దది కావాలా?

ఇంకో సంగతి. స్ప్లిటర్ పెడితే చాలని ఒకాయన చెబితే నమ్మి 900 పెట్టి కొన్నాను. రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ వస్తోంది. నవ్వకండి.

పాత మదర్‌బోర్డు:

నవ్వడం లేదు బ్రదర్, నా డ్రాయర్లో కూడా ఒకటి పడి ఉంది. స్ప్లిటర్ అంటే ఒకే కొళాయికి రెండు పైపులు తగిలించడం, రెండింట్లోనూ అవే నీళ్లు వస్తాయి. వేర్వేరు బొమ్మలు కావాలంటే కార్డు మీద వేర్వేరు పోర్టులు ఉండాలి, అంతే.

మానిటర్లకీ కార్డు సైజుకీ మీరు అనుకున్నంత సంబంధం లేదు. మూడింట్లోనూ గేమ్ ఆడితే వేరే లెక్క గానీ, ఎక్సెల్ తెరిచి ఉన్న మానిటర్ కోసం కార్డు పడే కష్టం ఏమీ లేదు. 4060 అయినా 4070 అయినా నాలుగు మానిటర్ల వరకే తీసుకుంటాయి, చాలా మోడళ్లకి మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎమ్ఐ ఉంటాయి. పాతదాన్ని హెచ్‌డీఎమ్ఐకి, కొత్తవాటిని డిస్‌ప్లేపోర్టులకి పెట్టండి. మార్చే కేబుల్ కొనాల్సి వస్తే ఒకటి చూసుకోండి, డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎమ్ఐకి వెళ్లే మామూలు కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది, తిప్పి పెడితే బ్లాంక్. ఇంకా, మొదటిరోజు అందరూ చేసే పొరపాటు: మానిటర్ తీసుకెళ్లి బోర్డు మీది పోర్టుకి గుచ్చి, కార్డు చచ్చిపోయిందని షాపువాడికి ఫోన్ చేయడం.

ఆ లిస్టులో నాకు నచ్చనిది ప్రాసెసర్ పేరు చివరున్న ఎఫ్. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. వెయ్యో రెండు వేలో మిగులుతుందని అది అంటగడతారు గానీ, ఇంటెల్ గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని కుదించిన వీడియోని విప్పే (డీకోడ్ చేసే) ఇంజన్ ఉంటుంది, ప్రీమియర్ దాన్ని బాగా వాడుకుంటుంది. ఎఫ్ లేనిది తీసుకోండి, కుదిరితే 14500. 14400లో ఆ ఇంజన్ ఒకటే, 14500లో రెండు. కార్డు పెట్టాక కూడా అది పనిచేయాలంటే బయాస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగులు) వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అనేది ఆన్ చేయాలి, చాలా బోర్డుల్లో ఆఫ్‌లోనే వస్తుంది. రేపు కార్డు పోయినా కనీసం ఆఫీసు పని ఆగదు, అదొక లాభం.

రెండో కెమెరా:

మదర్‌బోర్డు గారు చెప్పింది కరెక్టే గానీ సగం. మీ బావమరిది ఏ కెమెరాతో, ఏ సెట్టింగ్‌లో తీస్తున్నాడో తెలియకుండా కార్డు ఎవరూ చెప్పలేరండి. ఫుటేజ్‌లోంచి ఒక క్లిప్ తీసుకుని ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరవండి. ఫార్మాట్ దగ్గర ఏముంది, క్రోమా (రంగుల వివరం ఎంత దాచిందో చెప్పేది) దగ్గర 4:2:0 ఉందా 4:2:2 ఉందా, ఎన్ని బిట్లు, ఈ మూడూ చెప్పండి.

కాకినాడ కాజా:

చూశానండి. కెమెరా సోనీ ఏ7-4. ఫార్మాట్ ఏవీసీ అని ఉంది, 4:2:2, 10 బిట్స్, 25 ఫ్రేములు, 4కే. ఇవన్నీ ఎందుకు పెట్టావని బావమరిదిని అడిగితే యూట్యూబ్‌లో ఎవరో పెట్టమన్నారన్నాడు.

రెండో కెమెరా:

అనుకున్నాను. అసలు పీటముడి ఇక్కడే ఉంది.

ఏవీసీ అంటే హెచ్.264, వీడియోని కుదించి దాచే పాత పద్ధతి. దాని తర్వాత వచ్చిందే హెచ్ఈవీసీ. 10 బిట్ 4:2:2ని ఇంటెల్ క్విక్ సింక్ విప్పేది హెచ్ఈవీసీలో ఉంటేనే, హెచ్.264లో ఉంటే ఈ 14వ తరం ప్రాసెసర్లలో అది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ అయితే 4:2:2ని అసలు ముట్టుకోదు, 4060 కాదు కదా 4090 పెట్టినా అంతే. అప్పుడు బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. షాపాయన చెప్పినట్టు 4070కి డబ్బు పోసి ఉంటే తాళి దగ్గర బొమ్మ బిగుసుకోవడం పూర్తిగా పోయేది కాదు, ఎందుకో మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. పోనీ కెమెరాలోనే హెచ్ఈవీసీ పెట్టుకోమందామంటే ఆ మోడల్‌లో 4కే హెచ్ఈవీసీకి 25 ఫ్రేములు లేవు, 50 పెట్టాలి. పెళ్లిళ్లకి 25లో తీసేవాళ్లంతా ఇలాగే ఇరుక్కుంటారు.

2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచి కార్డే 4:2:2ని విప్పుతుంది, హెచ్.264 అయినా హెచ్ఈవీసీ అయినా. కాబట్టి 5060 చాలు. 16 జీబీ 5060 టీఐ బడ్జెట్‌లో పడితే అది ఇంకా మంచిది, 8 జీబీ ఉన్నదాంట్లో 4కే టైమ్‌లైన్ మీద ఎఫెక్టులు దండిగా వేస్తే మెమరీ నిండిపోతుంది. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ ఎవరి చేత చేయించాలో టిక్కులుంటాయి, అవి ఒకసారి చూసుకోండి. ఎఫ్ లేని ప్రాసెసర్ మాట మాత్రం మార్చకండి, రేపు బావమరిది హెచ్ఈవీసీకి మారితే పనికొస్తుంది.

ర్యామ్ 8 జీబీవి నాలుగు వద్దు, 16వి రెండు తీసుకోండి. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే స్పీడు తగ్గుతుంది, పైగా రేపు పెంచుకోవడానికి ఖాళీ ఉండదు. 64 తీసుకోమనేవాణ్ణే గానీ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి.

1 టీబీ మీకు ఒక్క పెళ్లికి సరిపోతుంది, నిజంగానే ఒక్కదానికే. మీ సెట్టింగ్‌లో సెకనుకి 140 మెగాబిట్లు అనుకుంటే గంటకి 63 జీబీ, రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 750 దాటుతుంది. విండోస్‌కి వేరే చిన్నది పెట్టి, ఫుటేజ్‌కి 2 టీబీ ఎన్‌వీఎమ్ఈ, ఇచ్చేసిన పెళ్లిళ్లు దాచడానికి మామూలు హార్డ్‌డిస్క్.

మానిటర్ల సంగతీ చెప్పేస్తాను. నా దగ్గర మూడు రకాలవి మూడుండేవి. పెళ్లికూతురి చీర ఒకదాంట్లో కుంకుమ రంగు, పక్కదాంట్లో పండుమిరపకాయ, మూడోదాంట్లో ఇటుక. ఏది నిజమో తెలియక రాత్రి రెండింటి దాకా రంగులు తిప్పుతూ కూర్చున్నాను, పొద్దున క్లయింటు ఫోన్‌లో చూసి ఇది మా చీరేనా అన్నాడు. అప్పటి నుంచి రంగులు చూసేది ఒక్కదాంట్లోనే. మీరూ డబ్బంతా ఒకదాని మీదే పెట్టండి, 27 అంగుళాల 4కే ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్), పక్కన రెండూ 24 అంగుళాలవే చాలు. ఎక్సెల్‌ది నిలువుగా తిప్పి పెట్టుకునే ఆలోచన ఉంటే అదీ ఐపీఎస్సే అవ్వాలి, వీఏ ప్యానెల్‌ని నిలబెడితే పక్క నుంచి వెలిసిపోయినట్టు ఉంటుంది. 4కే మానిటర్‌ని హెచ్‌డీఎమ్ఐ 1.4 పోర్టుకి తగిలిస్తే 30 హెర్ట్జ్‌లోనే నడుస్తుంది, మౌస్ బురదలో కదిలినట్టు అనిపిస్తే ముందు అది చూడండి. ఆఫీసు లాప్‌టాప్ కూడా ఉందా? ఉంటే దాన్ని మానిటర్‌లో రెండో ఇన్‌పుట్‌కి పెట్టేసుకోండి, బటన్ నొక్కితే పగలు అది, రాత్రి ఇది.

ఫ్యూజు పోయిన బల్బు:

అందరూ కార్డు గురించే మాట్లాడుతున్నారు, పేరు లేని ఆ ఎస్ఎమ్‌పీఎస్ గురించి ఎవరూ అడగరేంటి? క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిందని నేనూ అలాంటిదే వాడాను. ఒక వేసవి సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు వెనక నుంచి చిన్న టప్ శబ్దం, కాలిన వైరు వాసన. బోర్డు, ఎస్ఎస్‌డీ రెండూ పోయాయి. ఎస్ఎస్‌డీలో మా పిన్ని కూతురి పెళ్లి. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మెయిన్ కెమెరాది మొత్తం పోయింది, బంధువుల ఫోన్లు అడుక్కుని అతికించాను. పిన్ని ఇప్పటికీ ఫంక్షన్లలో ఆ మాట ఎత్తుతుంది.

మీ లెక్క చూద్దాం. 14500 గట్టిగా పనిచేస్తే 154 వాట్ల దాకా లాగుతుంది, 5060కి 145, బోర్డూ డిస్కులూ ఫ్యాన్లూ కలిపి ఇంకో 50. సుమారు 350. టీఐ అయితే ఇంకో 35 కలుపుకోండి. పేరున్న కంపెనీది 650 వాట్లు, బ్రాంజ్ సర్టిఫికెట్‌ది తీసుకుంటే నిశ్చింత. మూడు మానిటర్లకి 90 అనుకుంటే యూపీఎస్ మీద 440 పడుతుంది. షాపుల్లో ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే, ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే కుయ్యిమని ఆరిపోతుంది. 1100 వీఏది 660 వాట్ల దాకా మోస్తుంది. అది కూడా సేవ్ చేసి ఆపుకోవడానికే, దాని మీద ఎడిటింగ్ చేద్దామనుకోకండి. పాత ఇల్లయితే ఎర్తింగ్ ఒకసారి చూపించండి, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే అదే లోపం.

నిద్రలేని ఎడిటర్:

వేరే మాట చెప్తాను, తిట్టకండి. నేను ఏడేళ్ల నాటి పీసీలో ఇవే ఫైళ్లు ఎడిట్ చేస్తున్నాను. రాత్రి పడుకునే ముందు అన్నిటికీ ప్రాక్సీలు (తేలికైన నకలు ఫైళ్లు) పెట్టేస్తాను, పొద్దున చిన్న ఫైళ్ల మీద కట్ చేసుకుని చివర్లో ఒరిజినల్స్‌తో ఎక్స్‌పోర్ట్. నెలకి రెండు పెళ్లిళ్లు చేసేవాడికి ఇది చాలు. ఆరేడు చేస్తుంటే మాత్రం కొనుక్కోండి, రాత్రంతా పీసీ ఫ్యాను మోత మధ్య పడుకోవడం ఎంత కష్టమో నా భార్యకే తెలుసు.

కాకినాడ కాజా:

అందరికీ థాంక్స్ అండి. సీజన్లో ఐదారు వస్తున్నాయి కాబట్టి కొనేస్తాను. షాపాయనకి ఫోన్ చేసి 14500, 5060, 16వి రెండు, 2 టీబీ, 650 వాట్లు అని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎవరు చెప్పారు సార్ మీకు" అన్నాడు. 5060 టీఐ వేస్తే మాత్రం బడ్జెట్ దాటిపోతోంది, ప్రస్తుతానికి మామూలుదే. ఆఫీసు లాప్‌టాప్ ఉంది, ఇన్‌పుట్ మార్చుకునే ఐడియా భలే ఉంది, నేను కేబుళ్లు పీకి పెట్టుకోవాలేమో అనుకున్నాను. ఒక్క డౌటు, లైట్ల క్యాబినెట్ మాత్రం మా వాడికి బాగా నచ్చింది, ఉంచేయొచ్చా?

పాత మదర్‌బోర్డు:

లైట్లు ఉంచండి, ముందున్న అద్దం వద్దు. మే నెలలో కాకినాడలో, ఏసీ లేని గదిలో, గాలి ఎక్కడి నుంచి లోపలికి పోతుంది? ముందు జాలీ ఉండి లైట్లు కూడా వెలిగేవి అదే ధరకి దొరుకుతాయి, మీ వాడికి అది చూపించండి.