తిద్దరానా, దిద్దరానా? ఆదివారం పాటల పోటీలో మన పిల్ల పాడిన పల్లవి గురించి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఆదివారం రాత్రి టీవీలో పిల్లల పాటల పోటీ చూశారా ఎవరైనా? మన గజపతి జిల్లా గుంట "ముద్దుగారే యశోద" పాడింది. శ్రుతిలో నిలబడి, చేతులు ఊపకుండా, హాయిగా పాడింది. పల్లవి రెండో పాదం "తిద్దరాని మహిమల దేవకీ సుతుడు" అని ఎత్తుకుంది. పాటయ్యాక ఒక జడ్జిగారు "గొంతు బంగారం తల్లీ, కానీ అది దిద్దరాని, సాహిత్యం చూసుకోవాలి" అని ఓ మార్కు కోసేశారు. మా అమ్మమ్మ తిద్దరాని అనే పాడేదని లీలగా గుర్తు. అచ్చు పుస్తకాల్లో రెండూ కనిపిస్తున్నాయి. అన్నమయ్య ఏమన్నట్టు? రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

బరంపురం మాస్టారు:
ఇందులో తిరగడానికేముందమ్మా. "ముంగిటి ముత్యము వీడు", ప్రథమాంతం. దాని మీద తకారం. "ప్రథమ మీది పరుషములకు గసడదవలు బహుళంబుగా నగు." అంటే ప్రథమా విభక్తి మాట పక్కన క చ ట త ప వస్తే గ స డ ద వ అవుతాయి. త పోయి ద వచ్చింది. జడ్జిగారు చెప్పినదే సరి. అసలు "ముద్దుగారే"లో కారు కాస్తా గారు అయి కూర్చుంది కదా, మొదటి మాటలో ఒప్పుకున్నవాళ్లు రెండో పాదంలో ఎందుకు ఒప్పుకోరు?

వంశధార ఒడ్డు (గుణుపురం):
మాస్టారూ, సూత్రంలో "బహుళంబుగా" అన్న మాటని గబగబా దాటేశారు. బహుళం అన్నాక ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు, ఒకచోట మన ఇష్టం. పైగా అక్కడ పాదం విరిగింది. నేను ఆ ఎపిసోడ్ రెండుసార్లు విన్నాను. ఆ పిల్ల "వీడు" దగ్గర సన్నగా గమకం ఇచ్చి, ఊపిరి తీసుకుని, అప్పుడు "తిద్దరాని" అంది. ఊపిరి తీశాక సంధి ఏమిటండీ? ఒకే బిగిని పాడితే ద, ఆపి పాడితే త. నా లెక్క ఇదీ. ఆ పిల్ల ఆపింది కాబట్టి ఆ పిల్లదే రైటు.

బరంపురం మాస్టారు:
ఊపిరిని బట్టి వ్యాకరణం మారుతుందా నాయనా! పాదం విరిగితే సంధి ఉండదని ఎవరు చెప్పారు? పోతన గజేంద్రమోక్షంలో "మూలకారణం" అని పాదం ఆపి "బెవ్వడు" అని కింది పాదం ఎత్తుకున్నాడు. "సర్వము దానయైన వా" అని విరిచి "డెవ్వడు" అన్నాడు. మాట మధ్యలోనే పాదం మారిపోతోంది. అందులోనే "సర్వము దాన" చూడు, తాను దాను అయ్యాడు. ఆ పద్యం మొత్తంలో నాకు ఇష్టమైనది ఆ "దానయైన వాడు" అనే ముక్కే. ఏనుగు ఆ స్థితిలో, మొసలి నోట్లో కాలు పెట్టుకుని, ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా ఎవ్వడు ఎవ్వడు అని వరసగా అడుగుతుంటే...

వంశధార ఒడ్డు (గుణుపురం):
గజేంద్రుడి దగ్గరికి వెళ్లిపోయారా, ఇంక మాస్టారు ఇప్పట్లో రారు. అది ఉత్పలమాల, గణాలకి కట్టుబడి నాలుగు పాదాలూ ఒకే తీగ. ఇది పదం. పల్లవి రెండో పాదాన్ని పాడేవాళ్లు విడిగా రెండుసార్లు, మూడుసార్లు తిప్పి పాడతారు. రెండోసారి పాడినప్పుడు దాని ముందు "వీడు" ఉండడు, "సుతుడు" ఉంటాడు.

బరంపురం మాస్టారు:
సుతుడు కూడా ప్రథమే!

తుంగభద్ర అల్లుడు (రాయగడ, ప్రస్తుతం బళ్లారి):
నవ్వాపుకోలేకపోయాను, మాస్టారికి ఫుల్ మార్కులు. కానీ మీరిద్దరూ "తిద్దు" అనేది దిద్దుకి ముందున్న అసలు రూపం అని చెప్పకుండానే ఒప్పేసుకున్నారు. ఇక్కడ కన్నడంలో ఇప్పటికీ తిద్దడమే. తప్పులు తిద్దుతారు, పరీక్ష పేపర్లు తిద్దుతారు, చట్టానికి చేసే సవరణ తిద్దుపడి. తమిళంలో తిరుత్తు. అంటే త పాతది, మన ద తర్వాత వచ్చింది. అన్నమయ్య 1503లో పోయారు, ఊరు తాళ్లపాక, కడప ప్రాంతం. ఆ కాలానికి ఆ సీమలో తిద్దు నోటి మాటే అయి ఉంటుందని నా నమ్మకం.

కొత్తబస్టాండ్ (పాతపట్నం):
అయితే "తీర్చిదిద్దు" సంగతేమిటి? "తీర్చి" క్త్వార్థం, అంటే చేసి, వచ్చి లాంటి అసమాపక క్రియ. దాని మీద పరుషం మారదు. వచ్చి కూర్చున్నాడు అంటాం గానీ వచ్చి గూర్చున్నాడు అనం. ధాతువు తిద్దు అయితే తీర్చితిద్దు అని ఉండాలి. లేదు కదా. కాబట్టి దిద్దు కూడా స్వతంత్రంగా ఉన్న మాటే, సంధి వల్ల పుట్టింది కాదు. ఇంక గసడదవలు, ఊపిరులు ఎందుకు?

తుంగభద్ర అల్లుడు (రాయగడ, ప్రస్తుతం బళ్లారి):
మంచి పాయింటే. కానీ జంటమాటలు ఎప్పుడు అతుక్కున్నాయో తెలియకుండా వాటిని సాక్ష్యానికి పిలవకూడదు బావా. నిఘంటువులో రెండు రూపాలూ ఉన్నాయి, ఎవరికి కావలసింది వారు తీసుకోవచ్చు.

రావులమ్మ (జయపురం):
అందరూ వ్యాకరణం మీద పడ్డారు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే జోడీ అక్షరం, ఎవరూ చూడలేదేం? మొదటి పాదం "ముద్దుగారే – ముంగిటి", ము మీద ము. రెండో పాదంలో యతి "దేవకీ" దగ్గర. ది మీద దే అయితే కంటికి నిండుగా ఉంటుంది, నిజమే. తి మీద దే కూడా చెల్లుతుంది, త థ ద ధ ఒక జట్టు. చెల్లుతుందా అనేది కాదు, ఈ కవికి ఏది అలవాటు అనేది చూడాలి. అందుకని పాట మొత్తం కాగితం మీద రాసుకుని పెన్నుతో గీతలు గీశాను.

"కాంతుల మూడులోకాల గరుడపచ్చ పూస": కా మీద గ.
"గతియై మమ్ము గాచే కమలాక్షుడు": గ మీద క.
"కాళింగుని తలలపై గప్పిన పుష్యరాగము": మళ్లీ కా మీద గ.
"పాలజలనిధిలోని బాయని దివ్యరత్నము": పా మీద బా.
"బాలునివలె దిరిగే పద్మనాభుడు": బా మీద ప.

పద్నాలుగు పాదాల్లో అయిదు ఇలా పరుషానికి (క, త, ప) సరళం (గ, ద, బ), సరళానికి పరుషం జోడీ కట్టినవి. ఇదేదో యాదృచ్ఛికం అనిపించడం లేదు, ఈ పాటలో ఆయనకి ఆ జోడీ ముచ్చటగా ఉంది. కాబట్టి "తిద్దరాని – దేవకీ" ఆయన చేతివాటమే అంటాను. జడ్జిగారు కోసిన మార్కు వడ్డీతో తిరిగి ఇవ్వాలి.

బరంపురం మాస్టారు:
అమ్మా, మీ శ్రమకి నమస్కారం. కానీ మీరు రాసిన చివరి పాదంలోనే "బాలునివలె దిరిగే" ఉంది. తిరిగే అనలేదు. "తలలపై గప్పిన" ఉంది, కప్పిన అనలేదు. అవకాశం దొరికిన చోటల్లా ఆయన సరళం చేస్తూనే వెళ్లారు. పల్లవిలో మాత్రం ఎందుకు మానుతారు?

రావులమ్మ (జయపురం):
అవన్నీ పాదం నడిమధ్యలో ఉన్నవి మాస్టారూ. పాదం మొదట్లో చూడండి. "కాంతుల", "కాళింగుని", "పాలజలనిధి". పాదం ఎత్తుకునేటప్పుడు ఆయన గొంతు గట్టిగానే ఎత్తుకుంటుంది.

బరంపురం మాస్టారు:
కాంతి, కాళింగుడు సంస్కృతం ముఖం ఉన్న మాటలు, తెలుగు మాట మీద సంస్కృత పరుషానికి గసడదవలు రావు. పాలు ఒక్కటే తెలుగు. దాని ముందున్నది "ఇంద్రనీలము". ఊఁ. దీన్ని రేపు చూస్తాను.

వంశధార ఒడ్డు (గుణుపురం):
మాస్టారు "రేపు" అన్నారు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి.

కంసాలి వీధి (బరంపురం):
మీ సంధులు నాకు అంతగా తెలియవు. మాది నగల పని ఇల్లు, నా మాట కూడా కాస్త వినండి. పాటలో తొమ్మిది రత్నాలూ ఉన్నాయి. ముత్యం, మాణికం, వజ్రం, గరుడపచ్చ, పగడం, గోమేధికం, వైడూర్యం, పుష్యరాగం, ఇంద్రనీలం. అందులో పల్లవికి ముత్యాన్నే ఎందుకు ఎంచుకున్నాడు? వజ్రానికి, పచ్చకి, నీలానికి సానపట్టాలి, మూలలు తీయాలి, అప్పుడే వెలుగు. ముత్యానికి అవేవీ అక్కర్లేదు. బెజ్జం వేసి దారం ఎక్కించడమే. పుట్టినప్పుడే గుండ్రం, పుట్టినప్పుడే మెరుపు. అలాంటి ముత్యం పక్కనే "దిద్దరాని" అంటే, ఎవరూ చెయ్యి పెట్టి బాగు చెయ్యలేనిది, బాగు చెయ్యాల్సిన పని లేనిది అని. తప్పులు దిద్దడం కాదు, నగిషీ దిద్దడం. త అయినా ద అయినా నాకు ఒకటే, అర్థం మాత్రం ఇది.

కొత్తబస్టాండ్ (పాతపట్నం):
అబ్బ, ఇది బాగుంది. కానీ "దిద్దరాని" మహిమలకి విశేషణం, ముత్యానికి కాదు. ఎవరూ మార్చలేని, అడ్డలేని మహిమలు అనే నేను చదువుకున్నాను.

కంసాలి వీధి (బరంపురం):
విశేషణం ఎవరికైనా వెళ్లనీ బాబూ, పక్కపక్కన కూర్చోబెట్టింది కవే కదా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఇన్ని మాటల్లో ఆ గుంట ఎలా పాడిందో ఒక్కరూ చెప్పలేదు. నేను చెబుతాను. బడిలో ఒడియా, వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మా వైపు పిల్లలకి ళకారం ఇబ్బందే లేదు, ఒడియాలోనూ అది గట్టిగానే ఉంది. కష్టమంతా శ, ష, స దగ్గర. ఒడియాలో మూడూ నోట్లో స గానే పలుకుతాయి, పైగా అక్కడ యశోద జసోదా అవుతుంది, అక్షరం అఖ్యర అవుతుంది. ఈ పిల్ల "యశోద" అని య కి య, శ కి శ పలికింది, "శంఖచక్రాల" పలికింది, "పుష్యరాగము"లో ష ని మడతపెట్టి మరీ పలికింది, "కమలాక్షుడు" దగ్గర క్ష చెక్కుచెదరలేదు. ఆ కష్టం ఎవరికీ కనబడలేదు, త ఒక్కటి కనబడింది. 1996లో పాడుతా తీయగా మొదలైనప్పుడు బాలుగారు ఒత్తుల గురించి, ళకారం గురించి పిల్లలకి చెబుతుంటే మేం ఇంట్లో గట్టిగా వల్లెవేసేవాళ్లం. ఆయన తప్పు చెప్పే ముందు ఒప్పు ఏమిటో పాడి చూపించేవారు.

తుంగభద్ర అల్లుడు (రాయగడ, ప్రస్తుతం బళ్లారి):
ఇంకో జడ్జి "రేంజ్ చూపించే పాట ఎంచుకోవాల్సింది" అన్నారు, అది విన్నారా? ఆ పిల్ల పాడిన కురింజి మంద్ర నిషాదం నుంచి ధైవతం దాకానే నడిచే రాగం, తారషడ్జం (పై స) వైపే చూడదు. పై స్థాయికి వెళ్లలేదని కురింజి పాడిన పిల్లని తప్పుపడితే ఏం చెప్పాలి. పోటీ అంటే చివర్లో ఒక కేక ఉండాలి అనే లెక్క ఇప్పుడు.

రావులమ్మ (జయపురం):
కురింజి కూడా ఈ కాలం వరసే అనుకోండి. అన్నమయ్య పాటలున్న రాగిరేకుల మీద రాగం పేరు చెక్కారు గానీ స్వరం చెక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి లాంటివాళ్లు కూర్చుని వరసలు కట్టకపోతే మనకి ఈ పాటల్లో చాలా వరకు చదువుకోవడానికే మిగిలేవి.

వంశధార ఒడ్డు (గుణుపురం):
ఒక సంగతి. పర్లాకిమిడి వాళ్లు మాస్టారు చెప్పే చిన్నయసూరి బాలవ్యాకరణం సూత్రాలు వింటూ ఊరుకున్నారేమిటి? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. చిన్నయసూరి సూత్రాలకి లొంగని ప్రయోగాలు పాత కవుల్లోంచే కుప్పలుగా ఏరి పండితుల ముందు పోసిన మనిషి. ఆయన అయితే మాస్టారిని ఒకటే అడుగుదురు. అన్నమయ్య పోయిన మూడొందల ఏళ్లకి పుట్టినాయన రాసిన సూత్రంతో అన్నమయ్యని దిద్దుతారా అని.

బరంపురం మాస్టారు:
సూత్రం తర్వాత రాసినా భాష ముందునుంచీ ఉంది నాయనా. నన్నయ కాలం నుంచీ గసడదవలు ఉన్నాయి. గిడుగు వారి పేరు చెప్పి ప్రతి అక్షరాన్నీ వదిలేయకూడదు. ఆయన వాడుక భాష కావాలన్నారు, ఎడాపెడా రాయమనలేదు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్తే ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు, అంత పట్టుదల. సవర భాషకి వ్యాకరణం రాసినాయనకి నియమం అంటే గిట్టదని ఎలా అంటావు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
పంతులుగారి గురించి వేరే చర్చ పెట్టుకుందాం, లేకపోతే ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29 దాకా సాగుతుంది ఇది.

కొత్తబస్టాండ్ (పాతపట్నం):
అందరూ "గోమేధికం" అని ధ కి ఒత్తు పెట్టి రాస్తున్నారు, ఆ పిల్ల కూడా ఒత్తే పలికింది, జడ్జీలు నోరెత్తలేదు. సంస్కృతంలో రత్నం పేరు గోమేదం. ఒత్తు పెడితే యజ్ఞం పేరు. మార్కు కోస్తే అక్కడ కోయాలి!

కంసాలి వీధి (బరంపురం):
మా షాపులో తాతల నాటి నుంచి గోమేధికమే. ఒత్తు తీస్తే కొనేవాళ్లు నకిలీ అనుకుంటారు.

రావులమ్మ (జయపురం):
అక్కడ ఒత్తు కన్నా "మితి గోవర్ధనపు" చూడండి. కొందరు "మితియౌ" అని పాడుతున్నారు. అక్కర్లేదు. యతి "గోమేధికము"లో మే మీద పడుతుంది, మి–మే. మితి అంటే కొలత. కొండని కొలిచినట్టు ఎత్తి పట్టుకున్నవాడని నా ఊహ.

బరంపురం మాస్టారు:
మితి ఇక్కడ హద్దు అమ్మా. గొల్లలకి వాన నుంచి హద్దు గీసిన కొండ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
సరే గానీ, ఆ పిల్ల వాళ్ల పిన్నితో మాట్లాడాను. దసరాకి మా ఊరి గుడిలో ఇదే పాట పాడిస్తున్నారట, త అనాలా ద అనాలా అని అడిగింది. ఏం చెప్పమంటారు?

రావులమ్మ (జయపురం):
త.

బరంపురం మాస్టారు:
ద.

వంశధార ఒడ్డు (గుణుపురం):
ఊపిరి తీస్తే త.

కొత్తబస్టాండ్ (పాతపట్నం):
ముందు గోమేదికానికి ఒత్తు తీయించండి.